ఇరవై ఏడో పేరు

షారోన్ పుట్టినప్పుడు బరువు చూసిన నర్సు, ముందు బిడ్డ వంక చూసి, తర్వాత తూకం యంత్రం వంక చూసి, యంత్రాన్ని మార్పించింది. కొత్త యంత్రంలోనూ అదే బరువు. వాళ్ళ నాన్న ఆనందరావు ఈ సంగతి చెప్పేటప్పుడు యంత్రాలు మూడు మార్చారంటాడు. అమ్మ ఎస్తేరు లెక్కల టీచరు. "ఒక్కటే మార్చారు. నాలుగు కిలోల రెండొందల గ్రాములు," అని వంటింట్లోంచే సవరిస్తుంది. తార్నాకలో ఒక అద్దె ఇంటి రెండో అంతస్తులో, ఈ ఇద్దరి మధ్య పెరిగింది షారోన్. నాన్న చెప్పినదాన్ని సగం చేసి, అమ్మ చెప్పినదాన్ని అలాగే ఉంచితే జరిగిందేమిటో తెలుస్తుందని ఆ పిల్లకి ఐదో ఏటికే అర్థమైంది.

ఆనందరావుది బాపట్ల దగ్గర. యూనివర్సిటీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అతనికో స్కూటరుంది. దాని ఇంజను బాగానే ఉండేది గానీ, దానికి కొంచెం మర్యాద ఎక్కువ. వెనకనుంచి ఎవరైనా తోస్తే తప్ప కదిలేది కాదు. తొమ్మిదో ఏటినుంచి ఆ పని షారోన్‌ది. పొద్దున్నే నాన్న హ్యాండిల్ పట్టుకుని కూర్చునేవాడు, వెనక సీట్లో అమ్మ పుస్తకాల సంచీతో కూర్చునేది, షారోన్ తోసేది. పదిహేనో ఏడు వచ్చేసరికి ఆ పిల్ల తోపుకి స్కూటరు ఎంత వేగం అందుకునేదంటే, ఇంజను స్టార్టయిందో లేదో కూర్చున్నవాళ్ళకి తెలిసేది కాదు. ఒకసారి అలా తెలియకుండానే క్యాంపస్‌లో ఆఫీసు మెట్లదాకా వెళ్ళిపోయారు. దిగి చూస్తే తాళం చెవి ఇంట్లోనే ఉంది.

షారోన్ డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఈ ఊరేగింపు క్యాంపస్ గ్రౌండ్ పక్కనుంచి పోతుంటే, విజిల్ మెడలో వేసుకున్న ఒకాయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ట్రాఫిక్ పోలీసేమోనని ఆనందరావు జేబులు తడుముకున్నాడు. ఆయన రఘువీర్. క్యాంపస్‌లో ఆడపిల్లల రగ్బీ జట్టు పెట్టి, పదిహేను మంది కావాల్సిన చోట తొమ్మిది మందిని పోగేసుకుని, మిగతా ఆరుగురి కోసం చెట్లకింద కూర్చున్న పిల్లలందరినీ అడుగుతూ తిరుగుతున్న కోచ్.

"అన్నా, మీ అమ్మాయిని నాకియ్యండి," అన్నాడు రఘువీర్ ఆత్రంగా.

"దానికింకా పదిహేడేనండీ. చదువుకుంటోంది," అన్నాడు ఆనందరావు కంగారుగా.

"అయ్యో, పెళ్ళికి కాదన్నా! రగ్బీకి."

అదేమి ఆటో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. రఘువీర్ రోడ్డుమీదే చెప్పాడు. "ఎనిమిది మంది అటు, ఎనిమిది మంది ఇటు. తలలు వంచి, భుజాలు కలిపి ఒకరినొకరు తోసుడు. దాన్ని స్క్రమ్ అంటరు. ముందు వరసల రెండు కొసలకి నిలబడేటోళ్ళు ప్రాప్‌లు. గోడలన్నట్టు. ఈ అమ్మాయి ప్రాప్."

"మరి బాల్ ఎప్పుడు పట్టుకోవాలి సర్?" అని అడిగింది షారోన్.

"నసీబు మంచిగుంటే ఏడాదికి రెండుసార్లు."

షారోన్‌కి ఆట నచ్చింది. అంతవరకూ ఆమెని చూసినవాళ్ళందరూ తగ్గమన్నవాళ్ళే. పెరగమన్న మొదటి మనిషి రఘువీర్. ఎస్తేరు మాత్రం నియమాల పుస్తకం తెప్పించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని రెండు రోజులు చదివింది. "మనుషులు ముందుకెళ్ళాలట, బంతిని మాత్రం వెనక్కే వెయ్యాలట. లెక్కకి కుదురుతోంది. మనసుకే కుదరట్లేదు," అంది. అయినా వద్దనలేదు.

తిండి సంగతి సాలమ్మ చూసుకుంది. సాలమ్మ ముప్పై ఏళ్ళు హాస్టల్ మెస్సులో వంట చేసి రిటైరైన మనిషి. వారాసిగూడలో ఉంటుంది, వీళ్ళ చర్చికే వస్తుంది. ఐదొందల మందికి వండిన చెయ్యి కాబట్టి ఆమెకి ఒక్కరికి వండటం రాదు. షారోన్‌కి వండటం మాత్రం వచ్చింది. వారానికి మూడు రోజులు గుడ్ల కూర క్యారేజీతో దిగేది. "తిను బిడ్డా. నువ్వు తోస్తే సీతాఫల్‌మండి రైలు గూడ ఎనక్కి పోవాలె," అనేది.

అలా తొమ్మిదేళ్ళు. యూనివర్సిటీకి ఆడింది, రాష్ట్రానికి ఆడింది, ఒక స్కూల్లో పీఈటీగా చేరింది. ఒక ముందు పన్ను పోయింది, ఒక చెవి క్యాలీఫ్లవర్‌లా ముడుచుకుంది. స్కూల్లో పిల్లలు ఆమె మాట వినడానికి ఆ చెవి ఒక్కటే చాలింది. కానీ ఇండియా జెర్సీ వేసుకుని ఒక్క నిమిషమైనా ఆడాలన్నది మాత్రం తీరలేదు. నాలుగుసార్లు జాతీయ శిబిరానికి పిలిచారు, నాలుగుసార్లూ తిరిగొచ్చింది. మొదటిసారి డెంగీ. రెండోసారి కరోనా వచ్చి శిబిరాన్నే ఎత్తేశారు. మూడోసారి పరుగు పరీక్ష. గోడని తొయ్యమంటే తోస్తుంది గానీ, పన్నెండొందల మీటర్లు పరిగెత్తమంటే షారోన్ మధ్యలో ఆలోచనలో పడుతుంది. నాలుగోసారి అన్నీ బాగానే చేసింది, ఆమెకంటే బాగా చేసినవాళ్ళు దొరికారు. ఐదోసారి కలకత్తా శిబిరానికి పోయేముందు రఘువీర్ దాపరికం లేకుండా చెప్పాడు. "ఇదే ఆఖరు అనుకో షారోన్. వెనక పందొమ్మిదేళ్ళ పిల్లలు వస్తున్నరు. బుల్డోజర్ల లెక్కున్నరు."

శిబిరం చివర్లో శనివారం సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, సోమవారం లిస్టు పెడతారు. నలభై మందిలో ఇరవై ఆరుగురు విదేశానికి ఆడటానికి పోతారు. ఈసారి వచ్చేట్టే ఉంది."

"వచ్చేట్టు ఉండటమేంటమ్మా? వచ్చేసినట్టే!"

"అలా అనకు నాన్నా. ఎవరికీ చెప్పకు."

"సరే సరే," అన్నాడు ఆనందరావు, అప్పటికే చెప్పులు వేసుకుంటూ.

వాళ్ళ చర్చిలో ఎవరికి ఉద్యోగమొచ్చినా, ఆపరేషను సవ్యంగా జరిగినా, ఇల్లు కట్టుకున్నా ఇంటిముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెడతారు. పాటలు పాడతారు, పాస్టరు గారు వాక్యం చెబుతారు, మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెబుతారు. తర్వాత బిర్యానీ. లోకమంతా మేలు జరిగాక ఈ పని చేస్తుంది. ఆనందరావు జరక్కముందే చేస్తాడు. "చేతికొచ్చాక థాంక్స్ ఎవడైనా చెబుతాడు. రాకముందు చెప్పటమే విశ్వాసం," అని అతని వాదన. తన ప్రమోషనుకి అలాగే ముందస్తు కూడిక పెట్టాడు. ప్రమోషను ఇంకా రాలేదు. బిర్యానీ మాత్రం చాలా బాగుందని ఇప్పటికీ అంటారు.

ఈసారి బుధవారం సాయంత్రానికి రెండొందల మందిని పిలిచాడు. అది చాలదన్నట్టు తార్నాక చౌరస్తా నుంచి వాళ్ళ వీధిలోకి తిరిగే మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టించాడు.

లిస్టు సోమవారమే వచ్చింది. షారోన్ పేరు ఇరవై ఏడోది. అంటే స్టాండ్‌బై. పై ఇరవై ఆరుగురిలో ఎవరైనా ఆగిపోతే కబురు పెడతారు, లేకపోతే లేదు. ఆ ఇరవై ఆరుగురూ ఇనప బీరువాల్లా ఉన్నారు. ఈ ముక్క ఫోన్‌లో చెప్పబుద్ధికాక, ఎదురుగా చెబుదామని షారోన్ రైలెక్కింది. రైల్లో ఉండగా నాన్న చేసిన పదకొండు ఫోన్లకీ "సిగ్నల్ లేదు" అని మెసేజ్ పెట్టింది. సిగ్నల్ లేకపోతే మెసేజ్ ఎలా వస్తుందని అడిగేంత తీరిక ఆనందరావుకి లేదు. కుర్చీలు దింపిస్తున్నాడు.

బుధవారం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో దిగి ఆటో ఎక్కింది. తార్నాకలో వీధి మలుపు తిరుగుతుంటే ఆటో డ్రైవరు బ్రేకేసి, తల బయటికి పెట్టి, పైకి చూశాడు. తర్వాత అద్దంలో ఆమెని చూశాడు.

"మేడం, గా ఫ్లెక్సీల ఉన్నది మీరే గదా?"

షారోన్ కూడా తల బయట పెట్టింది. ఇరవై అడుగుల ఎత్తున తన మొహం ఉంది. కింద ఒళ్ళు మాత్రం ఎవరో ఫుట్‌బాల్ ఆటగాడిది. చేతిలో బంతి అచ్చం పనసపండులా ఉంది. "భారత జట్టుకు ఎంపికైన తార్నాక ఆణిముత్యం" అని అక్షరాలు. చుట్టూ గుండ్రాల్లో సంఘ పెద్దలు పద్నాలుగు మంది. అందరికంటే పెద్ద గుండ్రంలో, షారోన్ మొహం కంటే జానెడు పెద్దగా, ఫోన్ చెవికి ఆనించుకున్న దానయ్య గారు. ఈసారి కార్పొరేటర్‌గా నిలబడదామని ఆయన ఆలోచన.

"కాదు, మా అక్క," అంది షారోన్. ఆమెకి అక్క లేదు.

"జర మీ లెక్కనే ఉన్నది."

"నాకంటే బాగా ఆడుద్ది," అంది షారోన్, సీట్లో కిందికి జారుతూ. ఆ ఒళ్ళు కిందికి జారితే ఆటో ఒక పక్కకి ఒరిగింది.

ఇంట్లో దమ్ము వాసన. ఆనందరావు కొత్త చొక్కాలో ఎదురొచ్చి, వాటేసుకుని, కూతురి భుజం మీదనుంచే వంటవాడికి ఏదో సైగ చేస్తున్నాడు. షారోన్ బ్యాగు కింద పెట్టి, గుమ్మంలోనే చెప్పేసింది.

"స్టాండ్‌బై అంటే ఎంపికైనట్టేగా!" అన్నాడు ఆనందరావు.

"విమానం టికెట్లు ఇరవై ఆరు. ఇది ఇరవై ఏడు," అంది ఎస్తేరు.

ఆనందరావు కుర్చీలో కూర్చున్నాడు. అతను మాట్లాడకుండా కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతవరకు చూడలేదు. చాలాసేపటికి, "బిర్యానీ దమ్ములో ఉందే," అన్నాడు, దానికి కూడా ఈ సంగతి ఎలా చెప్పాలా అన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మలూ, ఈ ఒక్క సాయంత్రం ఊరుకుందామా? శిబిరం బాగా జరిగిందని చెప్పు. అది నిజమేగా. మిగతాది నేను మెల్లిగా ఒక్కొక్కరికీ చెప్పుకుంటాను."

"రెండొందల మందికా?" అంది ఎస్తేరు. "సాక్ష్యానికి లేపి సగం నిజం చెప్పిస్తారా? ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్లో అబద్ధమాడొద్దని చెబుతున్నాను. ఆ పిల్లల్లో సగం మంది పెద్దవాళ్ళయి ఇవాళ ఆ కుర్చీల్లోనే కూర్చుంటారు."

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు ఆనందరావు షారోన్‌తో. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అది అంత మురికిగా ఏం లేదు.

వంద కిలోల మనిషి ఎదురుగా దూసుకొస్తుంటే ఏం చెయ్యాలో షారోన్‌కి తెలుసు. నాన్న కళ్ళజోడు తుడుచుకుంటుంటే ఏం చెయ్యాలో రఘువీర్ నేర్పలేదు.

సాయంత్రం షామియానా నిండింది. పాటలయ్యాయి, వాక్యమయింది. పాస్టరు గారు మైకు షారోన్ చేతికిచ్చారు. ఆ చేతిలో మైకు చెమ్చాలా కనబడింది.

"అందరికీ వందనాలు," అంది షారోన్. ముందు వరసలో దానయ్య గారు సన్నివేశానికి తగ్గట్టు కాలుమీద కాలు వేసుకున్నారు. పక్కన నాన్న తల వంచుకుని ఉన్నాడు. సగం నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆటోలో తనకి పుట్టిన అక్క గుర్తొచ్చింది. ఇవాళ ఊరుకుంటే జీవితాంతం ఆ అక్కని పోషించాలి.

"లిస్టులో నా పేరుంది. ఇరవై ఏడోది. ఆడటానికి వెళ్ళేది ఇరవై ఆరుగురు. కాబట్టి నేను ఎంపిక కాలేదు. బయట ఫ్లెక్సీలో రాసింది తప్పు. అందులో ఒళ్ళు కూడా నాది కాదు. మా నాన్న తప్పేం లేదు. ఆయన నన్ను నమ్మి కట్టించాడు. నేనే ఒక్క మెట్టు తక్కువయ్యాను. అంతేనండి."

వీధి చివర వడ్డించడానికి గరిట ఎత్తిన మనిషి దాన్ని గాల్లోనే ఆపేశాడు.

"ఏమయ్యా ఆనందరావ్!" అని దానయ్య గారు లేచారు. "ఆ ఫ్లెక్సీలో నా ఫొటో కూడా ఉంది కదయ్యా! జనం రేపు నన్నేమనుకుంటారు?"

"మీ ఫొటోనే పెద్దది, మిమ్మల్నే ఎంపిక చేశారనుకుంటారు," అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు లేచాయి. పాస్టరు గారు చెయ్యెత్తి, "కృతజ్ఞత కూడికని ప్రార్థన కూడికగా మారుద్దాం. షారోన్ కోసం ఎవరైనా ప్రార్థించండి," అన్నారు.

సాలమ్మ లేచి కొంగు నెత్తిమీద వేసుకుంది. అందరూ కళ్ళు మూశారు.

"తండ్రీ, నా బిడ్డ తొమ్మిదేండ్ల సంది కష్టపడుతున్నది. ఎన్ని గుడ్లు తిన్నదో నీకు ఎర్కే. ఆ ఇరవై ఆరు మంది పోరీలల్ల ఒక్కదాని కాలు... ఇరగ్గొట్టకు తండ్రీ, వాళ్ళు గూడ ఒక తల్లి బిడ్డలే... జర బెణికించు."

రెండొందల మందిలో సగం మంది "ఆమెన్" అనేశారు.

"వద్దు!" అని షారోన్ అరిచింది. అందరూ కళ్ళు తెరిచారు. "వద్దు పెద్దమ్మా! నా చోట ఆడేది మీనతి. ఒడిశా పిల్ల. శిబిరంలో నా పక్క మంచం దానిదే. జ్వరమొస్తే గంజి కాచి పెట్టింది. ఆ ప్రార్థన వెనక్కి తీసుకో!"

"తీస్కునుడు ఎట్ల బిడ్డా? పోయింది గదా పైకి."

"ఎవరికీ హాని కలగకుండా మార్గం తెరవమని అడుగుదాం," అన్నారు పాస్టరు గారు, సర్దుతూ.

"హాని లేకుంట ఎట్ల అయితది అయ్యగారూ? ఒకరు లేస్తేనే గదా కుర్చీ ఖాళీ అయ్యేది," అంది సాలమ్మ. పాస్టరు గారు బైబిల్ కాలేజీలో మూడేళ్ళు చదివారు గానీ, ఆ ప్రశ్న అక్కడెవరూ వెయ్యలేదు. "భోజనానికి లేద్దాం," అన్నారు.

ఆనందరావు ఆ రాత్రి తినలేదు. మర్నాడు పొద్దున్నే తనే నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ విప్పి, మడతపెట్టి, సాలమ్మకిచ్చాడు. ఆమె వారాసిగూడలో మేకల కొట్టం మీద కప్పుకుంది. షారోన్ నాలుగు రోజులు గ్రౌండ్‌కి పోయి, ఎవరూ లేని చోట తొయ్యడానికి ఏమీ దొరక్క, రోలరు తోసింది. ఆ వారం క్యాంపస్ గ్రౌండ్ ఎంత చదునుగా తయారైందంటే, వానపడితే నీళ్ళు ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం టీమ్ మేనేజర్ ఫోన్ చేసింది. "పాస్‌పోర్ట్ ఉందా? ఎన్నాళ్ళుంది?"

షారోన్‌కి ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మీనతి కాలికి ఏమైంది మేడం?" అంది ఏడుపు గొంతుతో.

"కాలికేమైంది? దాని పాస్‌పోర్ట్‌కి నాలుగు నెలలే గడువుంది. ఆర్నెల్లు ఉంటే గానీ మనం పోయే దేశంలో దిగనివ్వరు. ఇప్పుడు కొత్తది చేయించే టైం లేదు. నీది చెప్పు."

షారోన్ పాస్‌పోర్ట్‌కి ఏడేళ్ళ గడువుంది. రెండో శిబిరానికి పిలుపు రాకముందే, కూతురు విమానాన్ని దగ్గర్నుంచి కూడా చూడని రోజుల్లో, ఆనందరావు దాన్ని పట్టుబట్టి చేయించాడు. ఇది కూడా విశ్వాసమే అన్నాడు. అప్పట్లో ఎస్తేరు నవ్వింది. ఇప్పుడు ఆ పుస్తకాన్ని రెండుసార్లు తిప్పిచూసి, "తారీఖు కరెక్టుగానే ఉంది," అంది. ఆ ఇంట్లో ఆనందరావు అందుకున్న పెద్ద మెడల్ అదే.

మీనతికి ఫోన్ చేస్తే అటువైపు చాలాసేపు ముక్కు ఎగపీల్చడం తప్ప ఏం వినబడలేదు. "కాలు బాగుందా?" అని మూడుసార్లు అడిగింది షారోన్. "కాలు కాలు అని ఏంటే నీ గోల?" అని మీనతి హిందీలో కసిరింది. "నా చోట నిలబడుతున్నావు. సరిగ్గా తొయ్యకపోతే, వచ్చాక నిన్ను నేను తోస్తా." ఈ సంగతి విన్న సాలమ్మ, "నేను కాలు అన్న. దేవుడికే దయ కలిగి కాయితం దిక్కు చూసిండు," అని తేల్చింది.

మ్యాచ్ రోజున తార్నాక ఇంట్లో టీవీకి ఫోన్ కలిపి అందరూ కూర్చున్నారు. షారోన్ బెంచీ మీద కూర్చుంది. అక్కడే కూర్చుంది. ఆతిథ్య జట్టు బంతిని ఇండియా గీత అవతల నేలకి ఆనించి ఒక ట్రై చేసింది, రెండు చేసింది, నాలుగు చేసింది. గంట దాటింది. బెంచీ మీద పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళుతున్నారు. అరవై ఎనిమిదో నిమిషంలో తెరమీద చక్రం తిరగడం మొదలుపెట్టి, బొమ్మ ఆగిపోయింది. ఆగిన బొమ్మలో షారోన్ ఇంకా బెంచీ మీదే ఉంది. ఆనందరావు ఫోన్ ఆపి, పెట్టి, ఊపి, కిటికీలో పెట్టి, మేడమీదికి తీసుకెళ్ళి చూశాడు. చక్రమే.

అక్కడ డెబ్బై ఒకటో నిమిషంలో ఇండియా జట్టు కోచ్ ఆమె భుజం తట్టింది. షారోన్ లేచి, గీత దాటి లోపలికి నడిచింది. మొదటి స్క్రమ్‌లో తల వంచి దూర్చగానే ఎదుటి ప్రాప్ ఊపిరి ఆమె మెడకి వేడిగా తగిలింది. మట్టి, పక్కనుంచీ వెనకనుంచీ ఏడుగురి బరువు, ఎవరివో కేకలు. షారోన్ కాలి వేళ్ళు నేలలోకి దిగేలా తొక్కి తోసింది. ఎదుటి వరస కదల్లేదు. మళ్ళీ తోసింది. ఒక అడుగు. ఇంకో అడుగు. ఆ మ్యాచ్ మొత్తంలో ఇండియా స్క్రమ్ ముందుకెళ్ళింది ఆ రెండడుగులే. తర్వాత బంతితో వస్తున్న పిల్లని పట్టి పడేసి ఒక ట్యాకిల్ చేసింది, ఒక పెనాల్టీ ఇచ్చింది, చెవికి మోకాలు తగిలింది. బంతి ఆమె చేతికి రాలేదు. విజిల్ పడింది. ఇరవై రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

చెవిమీద ఐసు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసింది. మోగక ముందే ఎత్తినట్టు ఎత్తాడు ఆనందరావు. స్పీకర్ పెట్టాడని వెనక గలగలని బట్టి తెలుస్తూనే ఉంది.

"ఓడిపోయాం నాన్నా."

"అది కాదమ్మా. నువ్వు..." అని ఆగాడు. అటువైపు గలగల కూడా ఆగింది.

"ఆడాను నాన్నా. దింపారు."

ఏదో కుర్చీ పడిన చప్పుడు. ఎవరో ఈల వేశారు. "ఎంతసేపు? ఎంతసేపు ఆడావమ్మా?"

"తొమ్మిది నిమిషాలు."

"తొమ్మిదా," అన్నాడు ఆనందరావు. అతని బుర్రలో ఆ అంకె ఉబ్బుతున్న చప్పుడు షారోన్‌కి ఇంతదూరం వినబడింది. "దెబ్బలు తగిలి ఆట ఆగుతుంది కదా, అది కూడా కలుపుకుంటే పావుగంట అవ్వదూ? మన దానయ్య గారు అడుగుతున్నారు, అందుకని..."

"తొమ్మిదే నాన్నా."

తర్వాత ఆనందరావు గొంతు ఫోన్ నుంచి దూరంగా, గదిలో ఉన్నవాళ్ళకేసి తిరిగి, "తొమ్మిది నిమిషాలండీ!" అంది. ఒక్క సెకను కూడా కలపలేదు.

"తొమ్మిది నిమిషాలేనా?" అన్నట్టు వినబడింది దానయ్య గారి గొంతు.

"ఐదొందల నలభై సెకన్లు," అంది ఎస్తేరు.